మమ్మల్నడక్కుండా ముగిస్తారా!

ఏడు పుస్తకాల కథలో మొదటి ఆరూ రాసినవాళ్ళవి, ఏడోది చదివినవాళ్ళది. ఇది ఏ చట్టంలోనూ లేదు గానీ పాఠకలోకంలో దీనికి తిరుగులేదు. మొదటి పుస్తకం కొన్న రోజున పాఠకుడు ఉత్త ఖాతాదారు. రెండోదానికి అభిమాని అవుతాడు. నాలుగోదానికి వాటాదారు. ఏడోది వచ్చేసరికి ఆయనే యజమాని, రాసినావిడ ఆయన కొట్లో గుమాస్తా. గుమాస్తా తన సొంత బుద్ధి వాడి, యజమానిని ఒక్క మాట అడక్కుండా, ఖాతా మూసేసి తాళం వేసి వెళ్ళిపోతే మండదా మరి?

మండింది. 2007 జులై 21న మండడం మొదలై ఇప్పటికీ చల్లారలేదు. ఆ రోజు హ్యారీ పాటర్ కథలో ఏడోదీ ఆఖరిదీ అయిన ‘డెత్లీ హాలోస్’ విడుదలైంది. లండన్‌లో అర్ధరాత్రి దాటిన ఒక్క నిమిషానికి, అంటే మన గడియారంలో తెల్లవారుజాము నాలుగున్నరకి. ఆ రోజుల్లో ఆ వేళకి మనవాళ్ళు లేచేది తిరుపతి బస్సుకో, ఎంసెట్ కోచింగుకో. అమెరికాలో మొదటి రోజే 83 లక్షల కాపీలు, బ్రిటన్‌లో 26 లక్షల పైన అమ్ముడుపోయాయి. అచ్చేసినవాళ్ళు సంతోషించారు, అమ్మినవాళ్ళు సంతోషించారు. చదివినవాళ్ళు మాత్రం మర్నాడు మూతి ముడుచుకున్నారు.

ఆ ముగింపులో లోపాలు లేవని నేననను. ఉన్నాయి, కొన్ని పెద్దవే. కానీ ఆ ఫిర్యాదుల పట్టీ చదువుతుంటే ఒక అనుమానం వస్తుంది. వీళ్ళ బాధ కథ ఎలా ముగిసిందని కాదు, అసలు ముగిసినందుకు. ఆ మాట పైకి అంటే చిన్నపిల్లల మారాంలా ఉంటుంది. అందుకని దానికి విమర్శ అనే కోటు తొడిగి, మెడకో టై కట్టి ఊరేగిస్తున్నారు.

ఊరేగింపు పుస్తకం రాకముందే మొదలైంది. 2006 వేసవిలో రచయిత్రి జె.కె. రౌలింగ్ ఒక టీవీ కార్యక్రమంలో నోరు జారింది. మొదట చంపాలనుకోని రెండు పాత్రలు చివరి పుస్తకంలో చనిపోతాయని చెప్పింది. అంతే, లోకమంతా బేరాలకి దిగింది. ఆగస్టులో న్యూయార్క్ రేడియో సిటీ హాల్లో ఆమె పక్కన కూర్చున్న ఇద్దరు పెద్ద రచయితలు, స్టీఫెన్ కింగ్, జాన్ ఇర్వింగ్, హ్యారీని చంపొద్దని ఆమెని వేడుకున్నారు. ఎవరు వేడుకున్నారో చూడండి. ఒకాయన నవలల్లో ఊళ్ళకి ఊళ్ళే పోతాయి. రెండో ఆయన తనకి అంత పేరు తెచ్చిన గార్ప్‌ని ఆ నవల్లోనే తుపాకికి బలిచ్చాడు. సొంత కొట్లో కత్తులు నూరేవాళ్ళు పక్క కొట్టుకొచ్చి అహింస బోధించారు. పాఠకుడి కుర్చీలో కూర్చుంటే ఎంతటి రచయితకైనా మతి పోతుందని ఆ రోజు రుజువైంది.

కింగ్ గారు ఆ సభలో హ్యారీని రైకెన్‌బాక్ జలపాతంలోకి తోసెయ్యకమ్మా అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ జలపాతం పేరు ఊరికే రాలేదు. 1893 డిసెంబరులో కానన్ డాయిల్, షెర్లాక్ హోమ్స్‌ని తోసేసింది అందులోకే. ఆ కథ వేసిన ‘స్ట్రాండ్’ పత్రికకి చందాదారులు వేల సంఖ్యలో చందాలు మానేశారని చెబుతారు. డాయిల్ ఎనిమిదేళ్ళు బిగబట్టాడు. తర్వాత ‘బాస్కర్‌విల్స్ వేటకుక్క’తో, హోమ్స్ చావకముందు జరిగిందంటూ ఒక పాత కేసు బయటికి తీశాడు. 1903లో పూర్తిగా లొంగిపోయి, హోమ్స్ అసలు పడనేలేదని రాసిచ్చాడు. లొంగడంలో అమెరికా పత్రిక ఇచ్చిన డబ్బుకీ తగిన భాగం ఉందనుకోండి. పాఠకులు మాత్రం ఆ డబ్బు సంగతి వదిలేసి ఒక్క పాఠమే నేర్చుకున్నారు. గట్టిగా అరిస్తే శవం లేస్తుంది. నూట ఇరవయ్యేళ్ళు పైబడి ఆ పాఠాన్ని వంశపారంపర్యంగా అప్పజెబుతూనే ఉన్నారు.

రౌలింగ్ దగ్గర ఆ అరుపు పారలేదు. ఆమె పుస్తకం ముగించి, ఎడిన్‌బరో హోటల్ గదిలో ఉన్న పాలరాతి బొమ్మ వీపు మీద తేదీతో సహా ఆ సంగతి రాసి సంతకం పెట్టి మరీ వచ్చింది. 2007 జనవరి 11. రిజిస్ట్రారు ఆఫీసులో కూడా అంత గట్టి సాక్ష్యం దొరకదు.

ఇక విడుదలకి ముందు వారం. ఎవడో మహానుభావుడు పుస్తకం పేజీ పేజీకీ ఫొటో తీసి ఇంటర్నెట్లో పెట్టేశాడు. దీనిమీద కోపం ఆకాశానికంటింది. కోప్పడ్డవాళ్ళలో సగం మంది ముందు ఆ ఫొటోలన్నీ దింపుకుని, చివరి పేజీ వరకూ చూసి, ఆ తర్వాత కోప్పడ్డారని నా గట్టి నమ్మకం. రెండు రోజుల ముందు న్యూయార్క్ టైమ్స్‌లో మిచికో కకుతాని సమీక్ష అచ్చయింది. పుస్తకాన్ని మెచ్చుకుంటూ రాసిన సమీక్షే, పెద్ద రహస్యాలేవీ బయటపెట్టలేదు. అయినా రచయిత్రి నిర్ఘాంతపోయానంది, పాఠకులు పత్రికని తిట్టిపోశారు. పసిపిల్లల నోటి దగ్గర కూడు లాగేశారన్నంత గొడవ.

ఈ రహస్యం పిచ్చి మనవాళ్ళకి మొదట అర్థం కాలేదు. మన ఊళ్ళలో హరికథకి వెళ్ళే వెయ్యిమందిలో రావణుడు చస్తాడని తెలియనివాడు ఒక్కడుండడు. అయినా తెల్లార్లూ కూర్చుంటారు. దాసుగారు లంకాదహనం ఎలా చెబుతారో విందామని వస్తారు. మరి చివరి పేజీ ముందే తెలిస్తే ఆరువందల పేజీల పుస్తకం పాడైపోతుందంటే, అందులో ఉన్నది చివరి పేజీ ఒక్కటేనా? రచయిత్రి పదిహేడేళ్ళ కష్టాన్ని ఇంతకంటే ఘోరంగా అవమానించిన విమర్శకుడు లేడు. అది అభిమానులే చేశారు, భక్తితోనే చేశారు.

పదిహేడేళ్ళంటే గుర్తొచ్చింది. మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్ళే రైల్లో ఆమెకి ఈ కథ తట్టింది 1990లో. చివరి పుస్తకం బయటికొచ్చింది 2007లో. వేగంగా చదవడంలో ప్రపంచ ఛాంపియన్ అయిన ఒక బ్రిటిష్ మహిళ ఆ పుస్తకాన్ని 47 నిమిషాల్లో ముగించేసింది. 607 పేజీలు! ఆవిడ ఛాంపియన్ కాబట్టి ఆవిడకది వృత్తి. మిగతావాళ్ళకేం వచ్చింది? శనివారం పొద్దున కొని, అన్నం తింటూ తిప్పి, సాయంత్రానికి ‘హడావిడిగా ముగించేసింది’ అని తీర్పు చెప్పారు. హడావిడి ఎవరిదో వాళ్ళకి తట్టలేదు. ఆదివారం నాటికి ఆ తీర్పుల మీద అప్పీళ్ళు, సోమవారానికి అప్పీళ్ళ మీద వ్యాఖ్యానాలు. పుస్తకం మాత్రం మంచం కింద పడి ఉంది.

హడావిడి అన్నవాళ్ళే రెండో గొంతుతో ‘సాగదీసింది’ అన్నారు. ఎక్కడ సాగదీసిందయ్యా అంటే, అడవిలో. నిజమే. ఆరు పుస్తకాల పాటు కోటలో మూడు పూటలా విందు భోజనం, దయ్యాలూ, గంట కొడితే క్లాసు, సెలవులకి రైలు. ఏడో పుస్తకంలో హ్యారీ, రాన్, హెర్మయనీ ముగ్గురూ అరువు డేరా వేసుకుని, వానలో తడుస్తూ, సరైన తిండి లేక ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, ఏం వెతకాలో తెలిసీ ఎక్కడ వెతకాలో తెలియక ఊరూరా తిరుగుతారు. అందులో ఒకడు అలిగి వెళ్ళిపోతాడు. చదువుతున్నవాడికి విసుగొస్తుంది. రాకుండా ఎలా ఉంటుంది? యుద్ధకాలంలో దిక్కులేని పిల్లల బతుకు అలాగే ఉంటుందని ఆమె చెబుతోంది. నాకైతే ఏడు పుస్తకాల్లోకీ నిజాయితీగా రాసిన పేజీలు అవే అనిపిస్తాయి. కానీ యజమాని గారికి కోటలో విందు కావాలి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారని ఆయన ఒప్పుకోడు. పిల్లలు పెద్దయితే తనకీ పదేళ్ళు పైబడ్డట్టే కదా!

ఇక్కడ మన పాఠకుడు కొంచెం ఛాతీ విరుచుకోవచ్చు. అరణ్యవాసం మనకి అలవాటైన సరుకు. పద్నాలుగేళ్ళదీ ఉంది, పన్నెండేళ్ళదీ ఉంది. ఏడో పుస్తకానికి ఆయువుపట్టయిన సంగతి కూడా మనకి కొత్త కాదు. విలన్ వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి ఉంగరంలో, లాకెట్టులో, గిన్నెలో, పాములో దాచుకున్నాడని తెలిసినప్పుడు లండన్ పాఠకుడు ఉలిక్కిపడి ఉంటాడు. బాలనాగమ్మ కథ విన్న మన ముసలమ్మలు పడరు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండేది. చిలకని పట్టాడు కుర్రాడు, మెడ నులిమాడు, ఫకీరు పోయాడు, తల్లి ఇంటికొచ్చింది, కథ కంచికి వెళ్ళింది. ‘ప్రాణం పోయి పోయి చిలకలో ఎందుకు పెట్టాడు, ఇది కథనంలో లొసుగు’ అని లేచి నిలబడ్డ శ్రోత గురించి నేనెక్కడా వినలేదు. ఫకీరుకి ఒకటే చిలక, ఈయనకి ఏడు కావలసి వచ్చాయి. విలనిజంలో కూడా అక్కడ ఖర్చెక్కువ.

లొసుగుల సంగతి వచ్చింది కాబట్టి ‘ఎల్డర్ వాండ్’ అనే పెద్ద మంత్రదండం దావా గురించి చెప్పక తప్పదు. పుస్తకం ముగింపు అంతా ఆ దండానికి చట్టరీత్యా వారసుడెవరన్న ప్రశ్న మీద నిలబడింది. దండాలు చేసే గ్రెగరోవిచ్ దగ్గర గ్రిండెల్వాల్డ్ అనే మాంత్రికుడు దొంగిలించాడు. అతన్ని ఓడించి హెడ్మాస్టరు డంబుల్‌డోర్ తీసుకున్నాడు. డంబుల్‌డోర్ చేతిలోంచి కుర్రాడు డ్రాకో ఎగరగొట్టాడు, తను దేనికి హక్కుదారుడయ్యాడో తెలియకుండానే. డ్రాకో చేతిలోని వేరే దండాన్ని హ్యారీ లాక్కున్నాడు. దాంతో ఆ పెద్దదాని హక్కు కూడా హ్యారీకి వచ్చేసింది. వోల్డెమార్ట్ ఇవేవీ చూసుకోకుండా డంబుల్‌డోర్ సమాధి పగలగొట్టి దండం పట్టుకొచ్చి, హక్కు స్నేప్ మాస్టారిదనుకుని ఆయన్ని అన్యాయంగా చంపి, చివరికి అదే దండంతో పోయాడు. లింకు డాక్యుమెంట్లు చూసుకోకుండా స్థలం కొన్నవాడి గతి ఇంతే అని మన దస్తావేజు లేఖరులైతే ఒక్క ముక్కలో తేల్చేసేవారు. కానీ పాఠకులు దీనిమీద రాసిన వాదప్రతివాదాలు నిజం కోర్టులో నిజం ఆస్తికి కూడా ఎవరూ రాసి ఉండరు. దండం ఒప్పుకోకుండా హక్కు ఎలా మారుతుంది, మారితే నోటీసు ఇవ్వాలా, మైనరు చేతికి ఆస్తి సంక్రమిస్తుందా? ఇంత తర్కం ఉన్నవాళ్ళు మొదటి పుస్తకంలో పిల్లాడు ఇటుకగోడలోంచి రైలు ప్లాట్‌ఫారం మీదికి నడిచినప్పుడు ఏం చేస్తున్నారు? చప్పట్లు కొడుతున్నారు.

హ్యారీ చావుబతుకుల దగ్గర ఇంకో తమాషా జరిగింది. చంపొద్దన్నవాళ్ళు ఒక వర్గం. చంపితేనే గొప్ప సాహిత్యం అవుతుందన్న మేధావులు రెండో వర్గం. విషాదాంతం కాకపోతే పుస్తకం పిల్లలదిగా మిగిలిపోతుందని వీళ్ళ భయం. పిల్లల పుస్తకం చదువుతున్నట్టు పక్కింటివాళ్ళకి తెలిస్తే పరువు పోదూ! రౌలింగ్ ఇద్దరికీ సమానంగా న్యాయం చేద్దామనుకుంది. అతను చనిపోవడానికి సిద్ధపడి వెళ్ళాడు, దెబ్బ తిన్నాడు, తెల్లటి రైల్వే స్టేషన్లో చనిపోయిన డంబుల్‌డోర్‌తో కాసేపు మాట్లాడాడు, లేచి వచ్చాడు. చంపలేదని ఒకరు, చంపి లేపిందని ఒకరు, మొత్తానికి ఇద్దరూ ఏడిచారు. పంచాయితీలో మధ్యస్థం చేసినవాళ్ళకి రెండు వైపులా తిట్లే అన్నది ఏ దేశంలోనైనా ఒకటే.

అసలు తుపాను చివరి ఆరేడు పేజీల మీద. పంతొమ్మిదేళ్ళ తర్వాత అదే రైల్వే ప్లాట్‌ఫారం. హ్యారీకి ముగ్గురు పిల్లలు. రెండోవాడి పేరు ఆల్బస్ సెవెరస్. హెడ్మాస్టరు పేరొకటి, స్నేప్ మాస్టారి పేరొకటి. ఈ ఒక్క పేరు మీద ఇంగ్లీషు చదివే లోకం ఎన్నేళ్ళు నవ్విందో లెక్కలేదు. ‘క్లాసులో నిలబెట్టి ఏడిపించిన మాస్టారి పేరు కొడుక్కి పెడతాడా?’ అని. మాస్టారు ఎవరికోసం ఆ నటనంతా నటించాడో, ఎందుకు ప్రాణం పోగొట్టుకున్నాడో మొత్తం ఒక అధ్యాయం నిండా చెప్పాక కూడా అడిగారు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందన్న సామెత ఇంతవరకూ అతిశయోక్తి అనుకున్నాను.

పేర్ల విషయంలో మన ఇళ్ళకొచ్చి చూస్తే వాళ్ళ నవ్వు ఆగిపోతుంది. తాతగారి పేరు మనవడికి, అటు తాతగారు అలుగుతారని ఆయన పేరు కూడా, మధ్యలో ఇలవేల్పు, చివర సినిమా హీరో. పుట్టినవాడు పది నెలలకే నలుగురి బరువు మోస్తుంటాడు. ఆ తాతల్లో ఒకరు కోడలిని జీవితాంతం సాధించినవారే అయినా పేరు ఆగదు. చనిపోయిన పెద్దవాళ్ళ పేర్లు పిల్లలకి పెట్టుకోవడం అంత నవ్వులాట అని మనకి తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది.

ఇంకో ఆరోపణ: ఆ ఎపిలోగ్ పాఠకులెవరో సరదాకి రాసుకున్నట్టు ఉందని. ఆ చివరి అధ్యాయం చాలా ఏళ్ళ క్రితమే, కథ మొదలైన రోజుల్లోనే ఒక రూపంలో రాసి దాచుకున్నానని ఆమె చెప్పుకుంది. అంటే పాఠకులు పుట్టకముందే పాఠకులని అనుకరించిందన్నమాట. ఈ నేరానికి ఏ సెక్షను కింద శిక్ష వెయ్యాలో దండం దావా లాయర్లే చెప్పాలి.

చావుల గురించి చెప్పాలంటే కాస్త గొంతు తగ్గించుకోవాలి. ఫ్రెడ్ పోయాడు, లూపిన్ పోయాడు, టోంక్స్ పోయింది, హ్యారీ గుడ్లగూబ పోయింది, ఎల్ఫ్ డాబీ పోయాడు. పుస్తకం మీద కన్నీళ్ళు కార్చినవాళ్ళని వెక్కిరించే మనిషిని కాను. దేవదాసు దగ్గర నేనూ కార్చాను. కానీ కన్నీటి తర్వాత బిల్లు పంపించడం ఏమిటి? ‘మా ఫ్రెడ్‌ని ఎందుకు చంపావు, జవాబు చెప్పు’ అని ఏళ్ళకి ఏళ్ళు ఆమె వెంటపడ్డారు. ఆమె కూడా తక్కువది కాదు. కథలో చివరి యుద్ధం జరిగిన తేదీ మే 2. 2015లో ఆ రోజున ట్విట్టర్లో ఫ్రెడ్‌ని చంపినందుకు క్షమాపణ చెప్పింది. మరుసటేడు లూపిన్‌కి. ఆ మరుసటేడు స్నేప్‌కి. ఆ తర్వాతేడు డాబీకి. ఏటేటా తప్పకుండా తిథి చూసుకుని తద్దినం పెట్టినట్టే. భోక్తలు మాత్రం లక్షల్లో ఉన్నారు, ఎంత పెట్టినా తృప్తి లేదు. ‘స్నేప్‌కి క్షమాపణ దేనికి, వాడు దుర్మార్గుడు’ అని ఆ విస్తట్లోనే తగువు పెట్టుకున్నారు.

డాబీ కథ మరీ ముదిరింది. సినిమాలో అతని సమాధి చూపించిన చోటు వేల్స్‌లో ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే సముద్రతీరం. జనం అక్కడికి వెళ్ళి రాళ్ళు పేర్చి, వాటిమీద పేర్లు రాసి, సాక్సులు సమర్పించడం మొదలెట్టారు. ఒక సాక్సు దొరికి అతను స్వేచ్ఛ పొందాడు కాబట్టి. చివరికి 2022లో ఆ తీరాన్ని చూసుకునే నేషనల్ ట్రస్టు వాళ్ళు తలపట్టుకుని ఒక నిర్ణయం ప్రకటించాల్సి వచ్చింది. సమాధి ఉంచుతాం, మీరు మాత్రం దయచేసి సాక్సులు, రంగు పూసిన గులకరాళ్ళు వదలకండి, అవి సముద్రంలోకి పోయి అక్కడి జీవులకి ప్రాణం మీదికొస్తున్నాయి అని. కథలో తప్ప ఎక్కడా లేని జీవికోసం నిజం జీవుల్ని ఇబ్బంది పెట్టడం అభిమానంలో చివరి మెట్టు. దానికి పైన మెట్లు లేవనుకుంటున్నాను గానీ, అభిమానుల్ని తక్కువ అంచనా వెయ్యకూడదు.

రచయిత్రిని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే అదీ కాదు. ముగించలేని జబ్బు పాఠకుల దగ్గర్నుంచి ఆవిడకీ అంటుకుంది. పుస్తకం వచ్చి పది రోజులు కాకముందే, అందులో రాయని ఉద్యోగాలు, పెళ్ళిళ్ళ వివరాలు ఇంటర్వ్యూల్లో పంచిపెట్టింది. ఆ అక్టోబరులోనే న్యూయార్క్ కార్నెగీ హాల్లో డంబుల్‌డోర్ స్వలింగ ప్రేమికుడని వెల్లడించింది. అంత ముఖ్యమైన సంగతైతే ఏడు పుస్తకాల్లో ఎక్కడో ఒక వాక్యం ఖర్చుపెట్టి ఉండాల్సింది. 2014లో ఒక పత్రికకి, అదీ సినిమాల్లో హెర్మయనీ వేషం వేసిన ఎమ్మా వాట్సన్‌కే ఇచ్చిన ఇంటర్వ్యూలో, హెర్మయనీని రాన్‌కిచ్చి కట్టబెట్టడం తన సొంత ముచ్చట కోసం చేశానని ఒప్పుకుంది. పెళ్ళై ఏడేళ్ళయ్యాక పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చి ‘ఆ సంబంధం నాకు నచ్చలేదమ్మా’ అంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది. 2016లో అదే ఆల్బస్ సెవెరస్‌ని హీరోని చేసి రెండు భాగాల నాటకం.

ఇప్పుడు చూడండి యజమానుల మాట. ఇంకా రాయమ్మా, ఆపకమ్మా అని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళే, ఆమె ఇంకొంచెం చెప్పగానే ‘ఇక చాలు, కథని పాడుచెయ్యకు’ అన్నారు. ముగిస్తే ద్రోహం. ముగించాక మాట్లాడితే అపచారం. అసలు ముగించకపోతే సోమరితనం. ఆ మూడో నేరం మీద ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ మార్టిన్ ఇంకా బోనులోనే ఉన్నాడు. ఆయన 2011లో ఐదో పుస్తకం ఇచ్చి, పదేళ్ళు దాటినా ఆరోది ఇవ్వలేదు. ఆయన్ని తిట్టేవాళ్ళంతా, పుస్తకం వచ్చిన మర్నాడు ఎలా తిట్టాలో కూడా సిద్ధం చేసుకునే ఉన్నారని నిశ్చింతగా చెప్పొచ్చు.

నాలుగో దారి ఒకటుంది, చనిపోవడం. రాబర్ట్ జోర్డన్ ఆ పనే చేశాడు, పాపం ఇష్టపడి కాదు. ‘వీల్ ఆఫ్ టైమ్’ అనే మహా ఇతిహాసం 1990లో మొదలుపెట్టి, ముగించకుండానే 2007 సెప్టెంబరులో కన్నుమూశాడు, డెత్లీ హాలోస్ వచ్చిన రెండు నెలలకి. ఆయన భార్య, ఆమే ఆ పుస్తకాలకి ఎడిటర్ కూడా, బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితని పిలిచి మిగిలింది అప్పజెప్పింది. అతను ఆయన నోట్సు ముందు పెట్టుకుని మూడు పెద్ద పుస్తకాలు రాసి, 2013 జనవరిలో పద్నాలుగో పుస్తకంతో కథని ఒడ్డుకి చేర్చాడు. మొదటి వారంలో ఆ పుస్తకానికి ఆమెజాన్‌లో ఒంటి చుక్క రేటింగులు కుప్పలుగా పడ్డాయి. ఏం, ముగింపు బాగోలేదా? ముగింపు వాళ్ళు చదవలేదు. అట్ట పుస్తకం ముందు వచ్చింది, ఈ-బుక్ ఏప్రిల్ దాకా రాదన్నారు. అదీ కోపం. ఇరవైమూడేళ్ళు ఆగినవాళ్ళు మూడు నెలలు ఆగలేక, చదవని పుస్తకానికి మార్కులు వేశారు. సాహిత్య విమర్శ చరిత్రలో ఇంత నిర్మొహమాటమైన ఘట్టం ఇంకోటి లేదు. కనీసం ఇక్కడ కోటూ టై తొడగలేదు.

ఆంధ్ర మహాభారతం దగ్గర మనవాళ్ళు ఎంతకాలం ఆగారో వాళ్ళకెవరైనా చెప్పాలి. నన్నయ్య గారు పదకొండో శతాబ్దంలో అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. తిక్కన గారు పదమూడో శతాబ్దంలో వచ్చి ఆ మిగిలిపోయినదాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నారు. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన గారు వచ్చి దాన్ని పూరించారు. అదీ నన్నయ్య గారే రాస్తున్నట్టు రాసి, ఎప్పుడో పోయిన రాజరాజ నరేంద్రుడికే అంకితం చేశారు. ఎర్రనకి ఒంటి చుక్క ఇచ్చిన పాఠకుడు నాకు తెలిసి లేడు. ఆ రోజుల్లో చుక్కలు ఆకాశంలోనే ఉండేవి.

ముగింపు నచ్చనివాళ్ళకి మన దగ్గర ఇంకో పాత సదుపాయం కూడా ఉంది. రామాయణ పారాయణం మన ఇళ్ళలో చాలామంది పట్టాభిషేకంతో ఆపేసి మంగళం పాడతారు. సీతని అడవికి పంపడం చదవలేకపోతే చదవరు. ఉత్తరకాండ రాసినవాళ్ళ మీదికి కర్రలెత్తుకుని వెళ్ళరు. కావలసినవాళ్ళకి అదీ ఉంది. రంగనాథ రామాయణాన్ని గోన బుద్ధారెడ్డి యుద్ధకాండతో ఆపితే, ఉత్తరకాండ ఆయన కొడుకులు రాశారు. విశ్వనాథ కల్పవృక్షం యుద్ధకాండతోనే సరి. ఎవరికి ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపుకున్నారు. డెత్లీ హాలోస్‌లో ముప్పయ్యారో అధ్యాయం అయ్యాక ఎపిలోగ్ అని విడిగా పేరు పెట్టి మరీ ఇచ్చారు. అక్కడ పుస్తకం మూసెయ్యడానికి ఏ మంత్రదండమూ అక్కర్లేదు. ఒక్కరూ మూయలేదు. అంతా చదివారు, చదివి తిట్టారు, తిట్టడానికి మళ్ళీ చదివారు.

తిట్టిన ఆ ఎపిలోగ్ సంగతి చివరికి ఏమైందంటే, కథ లెక్క ప్రకారం అది జరిగే రోజు 2017 సెప్టెంబరు 1. ఆ పొద్దున లండన్ కింగ్స్ క్రాస్ స్టేషనుకి జనం వందల్లో వచ్చారు. అంగీలు తొడుక్కుని, మెడలకి చారల మఫ్లర్లు చుట్టుకుని, పదకొండు గంటల రైలుకి ఆల్బస్ సెవెరస్‌ని సాగనంపడానికి. రాని రైలుకి స్టేషన్లో ప్రకటన కూడా చేశారు. వచ్చినవాళ్ళలో, ఆ పేరు మీద పదేళ్ళపాటు నవ్వినవాళ్ళు ఎంతమందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఫిర్యాదుదారులకి ఇంకో అవకాశం రాబోతోంది. ఏడు పుస్తకాలనీ మళ్ళీ మొదటినుంచి, పదేళ్ళ పాటు నడిచే టీవీ సీరియల్‌గా తీస్తామని 2023 ఏప్రిల్‌లో హెచ్‌బీఓ ప్రకటించింది. పుస్తకాలకి కట్టుబడే తీస్తామన్నారు కాబట్టి అడవీ ఉంటుంది, డేరా ఉంటుంది, డాబీ మళ్ళీ పోతాడు, పిల్లాడికి మళ్ళీ అదే పేరు పెడతారు. కాబట్టి అర్జీలు ఇప్పటినుంచే రాసి పెట్టుకోండి, బోలెడు టైముంది. ఆ టైములో వీలు చూసుకుని పుస్తకం కూడా ఒకసారి చదవండి. నలభై ఏడు నిమిషాల్లో మాత్రం వద్దు.